వాలిన చక్రం, నిలిచిన అంచు

జాక్ ఆన్రీ లార్టీగ్ తీసిన ఒక రేసు కారు ఫొటోలో కారు మొత్తం లేదు. ముందు భాగం కుడి అంచు దాటి వెళ్లిపోయింది. మనకు మిగిలింది వెనక చక్రం, 6 అంకె, ముందుకు వంగి కూర్చున్న ఇద్దరు మనుషులు. ఆ చక్రం గుండ్రంగా లేదు. అండాకారంలో సాగి, కారు వెళ్లే వైపుకి వాలింది. రోడ్డు పక్కన నిలబడ్డ జనమేమో దానికి ఎదురు దిశలో ఒరిగారు. వేగాన్ని ఇంత గట్టిగా చూపించిన నిశ్చల చిత్రం మరొకటి నాకు తట్టదు.

అది ఫ్రాన్స్‌లో జరిగిన గ్రాండ్ ప్రి రేసు. అది 1912 నాటిదని, కారు డెలాజ్ అని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత పరిశీలించినవాళ్లు అది 1913లో ఆమియాఁలో జరిగిన రేసని, కారు ష్నైడర్ అని తేల్చారు. అప్పటికి లార్టీగ్‌కు 19 ఏళ్లు. ఫొటోగ్రఫీ ఆయన వృత్తి కాదు. చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన కెమెరాతో మొదలైన ఇష్టం, అంతే. 1963లో క్యురేటర్ జాన్ జార్కోవ్‌స్కీ న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన ఫొటోలను ప్రదర్శించేదాకా ప్రపంచానికి ఆయన పెద్దగా తెలియదు. సరదాకి కార్ల ఫొటోలు తీసేవాళ్లందరికీ ఆయన పెద్దన్న.

ఆ వాలు ఎలా వచ్చిందో చూస్తే పనితనం అర్థమవుతుంది. ఆయన కెమెరాలో షట్టర్ అంటే సన్నని చీలిక ఉన్న తెర. ఆ చీలిక ఫొటో పడే ప్లేటు మీదుగా పైనుంచి కిందికి జారుతుంది. ప్లేటు మీద దృశ్యం తలకిందులుగా పడుతుంది కాబట్టి ముందు నేల, ఆఖర్న చక్రం పైభాగం నమోదయ్యాయి. ఆ లోగా కారు కొంత ముందుకు పోయింది, చక్రం ముందుకి వాలింది. లార్టీగ్ చేతులు కట్టుకుని నిలబడలేదు. కారు వెంట కెమెరాను తిప్పుతూ నొక్కాడు. అందుకే కదలని జనం ఫ్రేములో వెనక్కి జారి, వెనక్కి ఒరిగారు. అయితే ఆయన తిప్పిన వేగం కారు వేగాన్ని అందుకోలేదు. అందుకుని ఉంటే చక్రం గుండ్రంగానే వచ్చేది. ఆ కాస్త తేడాయే ఈ బొమ్మకు ప్రాణం. 6 అంకె ఈరోజుకీ చదవగలుగుతున్నామంటే, ఆ మేరకు ఆయన అందుకున్న వేగం వల్లే.

కారు ఫొటో పదునుగా రాకపోతే మనం ముందు లెన్స్‌ను అనుమానిస్తాం, ఖరీదైనది కొంటాం. లార్టీగ్ బొమ్మ ముందు నిలబడితే పదును గాజులో కన్నా రెండు వేగాల పొందికలో ఎక్కువ ఉందని తెలుస్తుంది. లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో 60వ వంతులో దాదాపు 28 సెంటీమీటర్లు కదులుతుంది. 1000వ వంతులో అయితే 1.7 సెంటీమీటర్లే. కాబట్టి షట్టర్ వేగం పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. పెంచితే కారు నిలుస్తుంది, నిజమే. చక్రం కూడా నిలిచిపోతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం ఆ 1000వ వంతులో 3 డిగ్రీలే తిరుగుతుంది. స్పోక్‌లన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వస్తాయి, పరుగెత్తే కారు పార్క్ చేసిన కారైపోతుంది. అదే 60వ వంతులో చక్రం 50 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. అయిదు స్పోక్‌ల అల్లాయ్‌లో స్పోక్‌కీ స్పోక్‌కీ మధ్య 72 డిగ్రీలు. అంటే ఆ ఖాళీ చాలావరకు నిండిపోయి, చక్రం మెరిసే పళ్లెంలా కనిపిస్తుంది. డోరు హ్యాండిల్ పదునుగా, చక్రం చెదిరి, వెనక చెట్లు గీతలుగా సాగిన ఫొటో చూసినప్పుడు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ మూడూ ఒకేసారి కుదరడం మాటలు కాదు.

ఇలా కారు వెంట కెమెరాను తిప్పుతూ తీయడాన్ని ప్యానింగ్ అంటారు. చేయి తిరిగినవాళ్ల కాళ్లు చూడండి. క్లిక్ మనిపించాల్సిన చోటుకి పాదాలు ముందే తిప్పి పెట్టుకుంటారు. కారు దూరంగా ఉండగానే ఫ్రేములోకి తీసుకుని, నడుము నుంచి తిరుగుతూ దాని వెంట వస్తారు. బటన్ నొక్కాక కూడా ఆగరు. కొత్తవాళ్లు సరిగ్గా నొక్కే క్షణంలో ఆగిపోతారు, బొమ్మ అక్కడే చెడుతుంది. మొదట 250వ వంతుతో అలవాటు పడి, తర్వాత 125, 60 అంటూ దిగడం మంచి దారి. దగ్గర్నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే కారు ముక్కు ఒక వేగంతో, తోక మరో వేగంతో మన కంటి ముందు తిరుగుతాయి, ఏదో ఒకటే నిలుస్తుంది. రోడ్డుకు దూరంగా, పొడవైన లెన్స్‌తో తీస్తే ఆ తేడా తగ్గుతుంది. ప్రాణానికీ అదే క్షేమం. కాకపోతే మన ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి కూడా కదులుతుంటుంది. ఆ వేడి అలల గుండా ఏ లెన్సూ పదును తేలేదు. పొద్దున్నే వెళ్లాలి.

ఆగి ఉన్న కారు సులువనుకుంటారు. నా దృష్టిలో అసలు నేర్పు బయటపడేది అక్కడే. కారు పెయింట్ అద్దమే. మనం కారుని తీస్తున్నామనుకుంటాం, కెమెరాకు దక్కేది డోరులో కనిపించే కరెంటు స్తంభం, ఎదురింటి ప్రహరీ, ఒక్కోసారి మన సొంత చొక్కా. ఆటోఫోకస్ కూడా మోసపోతుంది. చదునైన డోరులో కనిపించే చెట్టు, డోరుకి ఇవతల నిజం చెట్టు ఎంత దూరంలో ఉందో అటు లోపల అంతే దూరంలో ఉన్నట్టు లెక్క. ఫోకస్ ఆ చెట్టును పట్టుకుందంటే బొమ్మలో చెట్టు పదునుగా, కారు మెత్తగా వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు డోరు మధ్యలో ఫోకస్ పెట్టరు. హెడ్‌లైట్ అంచు, కంపెనీ గుర్తు, నంబర్ ప్లేట్ అక్షరాలు: ఇలాంటి గట్టి అంచుని పట్టుకుంటారు. ముందుమూల నుంచి తీస్తే దగ్గరి హెడ్‌లైట్ మీద ఫోకస్ పెట్టి, ఎఫ్/8 గానీ ఎఫ్/11 గానీ వాడతారు. ఎఫ్/16 దాటితే కాంతి వంపు వల్ల బొమ్మంతా కాస్త మెత్తబడుతుంది.

ఈ ప్రతిబింబాలను లెన్స్ ముందు తిప్పే పోలరైజర్ ఫిల్టర్ కొంత అదుపు చేస్తుంది. అద్దాల మీద, పెయింట్ పై పూత మీద పని చేస్తుంది, క్రోమియం మీద చేయదు. ఒకే తిప్పుతో బానెట్టూ విండ్‌షీల్డూ రెండూ శుభ్రపడవు, వాటి కోణాలు వేరు కనక. ఓపిక ఉన్నవాళ్లు ట్రైపాడ్ కదపకుండా ఒక్కో భాగానికి ఒక్కో తిప్పు తిప్పి రెండు మూడు ఫొటోలు తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతారు. చూసేవాడికి ఆ శ్రమ ఆనవాలు కూడా కనిపించదు. నేను అన్నిటికన్నా మెచ్చుకునేది మాత్రం సూర్యాస్తమయం తర్వాతి పది పదిహేను నిమిషాల కోసం కాచుకునేవాళ్లని. అప్పుడు ఆకాశమంతా ఒకే మెత్తని దీపమవుతుంది. కూర్చుని, లేచి, రెండడుగులు పక్కకి జరిగి, పెయింట్‌లో కనిపించే ఆకాశానికీ నేలకీ మధ్య గీత సరిగ్గా కారు భుజం వెంట పరుగెత్తే చోటు వెతుకుతారు. ఆ వెలుగు గీత పక్కనే చీకటి ఉంటే అంచు తనంతట తానే పదునుగా తోస్తుంది. కన్ను పదును అనుకునేది చాలావరకు ఈ వెలుగునీడల తేడానే.

అంత పని చేశాక సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్ తక్కువే కావాలి. అది వేసేటప్పుడు కారు టాపు ఆకాశాన్ని తాకే చోట పెద్దది చేసి చూస్తే చాలు. అక్కడ సన్నని తెల్ల గీత లేచిందంటే ఎక్కువైనట్టే, స్లైడర్ వెనక్కి జరపాలి.