ఒకే రేకు, అన్ని రంగులు

మా పెర్మిలి వైపు పెళ్లికి గిన్నె పెడితే దాని మీద పేరు కొట్టించాల్సిందే. ఆ పని చేసేవాడికి ఒకటే భయం: అక్షరం తప్పితే చెరిపే దారి లేదు. కాగితానికి రబ్బరు ఉంది, గోడకు సున్నం ఉంది, లోహానికి రెండూ లేవు. అంత గురి ఉన్న చేతిని కూడా లోకం చాలాకాలం పనివాడి చెయ్యిగానే చూసింది.

అమెరికా తొలినాళ్ల పాల్ రివీర్‌ను చూడండి. బోస్టన్‌లో వెండిపని చేసేవాడు. గిన్నెల మీద నగిషీ చెక్కే చేత్తోనే రాగి రేకుల మీద బొమ్మలు చెక్కి, అచ్చువేసి అమ్మాడు. 1770 మార్చి 5న ఆ ఊళ్లోనే బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. ఐదుగురు పోయారు. ఆ నెల దాటకముందే రివీర్ బొమ్మ బజారుకొచ్చింది. గందరగోళంలో పేలిన తుపాకుల్ని, సైనికులు బారుగా నిలబడి ఆజ్ఞ ప్రకారం కాల్చినట్టు చూపించాడు. వెనకున్న కస్టమ్స్ భవనానికి కసాయి కొట్టని బోర్డు పెట్టాడు. అయితే ఆ బొమ్మ కూర్పు హెన్రీ పెల్హామ్‌ది. నా బొమ్మ కాజేశావంటూ ఆయన రివీర్‌కు ఉత్తరం రాశాడు. పైగా రేకు నుంచి వచ్చింది నల్లగీతే. రంగులు తర్వాత చేత్తో పూసినవి.

చెక్కేవాడంటే పరాయి బొమ్మకు నకళ్లు తీసేవాడన్న ఆ లెక్కను తిరగరాసినవాళ్లలో కృష్ణారెడ్డి ఒకరు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ అనే చిత్రకారుడు నడిపిన ‘అతెలియే 17’ అనే అచ్చుబొమ్మల కార్యశాలలో స్థిరపడ్డారు. శిల్పం కూడా నేర్చినవాడు కాబట్టి ఆయన రేకు కొండవాలు పొలంలా మెట్లుమెట్లుగా ఉండేది.

కిటుకంతా ఆ మెట్లలోనూ, సిరాలో కలిపే నూనెలోనూ ఉంది. నూనె ఎక్కువ కలిపిన పలచటి సిరాను గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది ఎత్తైన చోట్లకే అంటుతుంది. తర్వాత చిక్కటి సిరాతో మెత్తటి రోలర్ దొర్లిస్తే అది లోతుల్లోకి దిగుతుంది. నూనె సిరా ఉన్నచోట మాత్రం చిక్కటిది పట్టదు. ఇక తడి కాగితం పరిచి ఒక్కసారి ప్రెస్సు తిప్పితే చాలు, రంగులన్నీ కలిసి దిగుతాయి. 1950ల్లో బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీతో కలిసి ఆయన ఈ పద్ధతికి రూపమిచ్చారు. బొమ్మను ముందు వేసి తర్వాత చెక్కడం కాదిది. చెక్కుతుంటేనే బొమ్మ పుడుతుంది. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు లేచినప్పుడు ‘డెమాన్‌స్ట్రేటర్స్’ అనే బొమ్మ చెక్కారు. రివీర్‌ది కూడా వీధిలో జనమే. కానీ ఇక్కడ జనం రేకులోంచే పైకి లేచారు.

1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్ చేరి, అక్కడే 2018లో కన్నుమూశారు. పద్ధతిని దాచుకోకుండా దేశదేశాల్లో వర్క్‌షాపులు పెట్టి నేర్పారు. దాచుకుంటే సాగే విద్య కూడా కాదిది. ప్రెస్సు బరువైనది, ఖరీదైనది. ఒక్కరు కొనలేరు, పదిమంది పంచుకుంటే నడుస్తుంది. పారిస్‌లో ఆయనకు దొరికింది గురువొక్కడే కాదు, అలాంటి ఉమ్మడి చోటు కూడా.

మా తాలూకాలో టేకు చెక్కే చేతులున్నాయి, గోడల మీద ముగ్గులు దిద్దే చేతులున్నాయి. పథకాల కింద కుట్టుమిషన్లు అడిగినట్టే, ఈసారి గ్రామసభలో ఒక ప్రెస్సు కూడా అడుగుదామంటాను. నవ్వేవాళ్లు నవ్వనీ, అర్జీ మాత్రం నేనే రాస్తాను.