మంట సర్దే మనిషి

చిత్తూరు మండీలో బెల్లానికి రంగు చూసి ధర కడతారు. తేనె రంగుకు ఒక ధర, ఇటుక రంగుకు ఇంకొకటి. నల్లబెల్లమైతే అడిగేవాడు తక్కువ, పైగా సారా బట్టీలకు పోతుందేమోనన్న అనుమానం కూడా మోయాలి. ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందని రైతును అడిగితే నేల అంటాడు, నీళ్లంటాడు, చెరుకు రకం అంటాడు, పాకం దించిన మేస్త్రీ చెయ్యి అంటాడు. అవన్నీ నిజమే. అయితే గానుగ దగ్గర ఒక పూట నిలబడితే ఇంకో మనిషి కూడా కనిపిస్తాడు. పెనానికి ఒక పక్కన, నేలకు కాస్త దిగువన గుంతలో కూర్చుని, ఎండిన చెరుకుపిప్పిని పొయ్యిలోకి తోస్తూ ఉంటాడు. పైన పాకం ఎట్లా ఉందో అతనికి కనపడదు. బెల్లం రంగులో సగం అతని చేతిలోనే ఉందని నా నమ్మకం.

పాకాల నుంచి ధర్మవరం పోయే రైలుదారిలో పీలేరు దాటితే కలికిరి. అక్కడినుంచి వాల్మీకిపురం, మదనపల్లె ఒక పక్క, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం ఇంకో పక్క. చెరువుల కిందా బావుల కిందా, తరవాత బోర్ల కిందా చెరుకు వేసిన సీమ ఇది. ఇప్పుడు మదనపల్లె చుట్టూ ఏ మడి చూసినా టమోటాయే. నీళ్లు లోతుకు పోయాక ఏడాదంతా తడి అడిగే పైరును మోయడం రైతుకు కష్టమైంది. అయినా సంక్రాంతి చుట్టుపక్కల నెలల్లో పల్లెదారిన పోతుంటే ఎక్కడో ఒకచోట వేడి పాకం వాసన తగులుతూనే ఉంటుంది.

గానుగ అంటే ఒకప్పుడు ఎద్దులు తిప్పేది, ఆపైన ఆయిలింజను వచ్చింది, ఇప్పుడు కరెంటు మోటారు. రసం తీసే పద్ధతి ఇంత మారినా కాచే పద్ధతి పెద్దగా మారలేదు. నేలలో గుంత తవ్వి, చుట్టూ ఇటుకా బంకమన్నూ పేర్చి, పైన వెడల్పాటి ఇనుప పెనం కూర్చోబెడతారు. ఒక వైపు పిప్పి వేసే నోరు, దానికి ఎదురుగా పొగగొట్టం. కుప్పం ప్రాంతం గ్రానైటుకు పేరుపడ్డదే అయినా పొయ్యి లోపలికి ఆ రాయి పనికిరాదు. అందులోని స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, రాయి పగుళ్లిస్తుంది. మంట తగిలే చోట మెత్తటానికి పుట్టమన్నును మించింది లేదని పాతవాళ్లు అనేది ఊరికే కాదు.

చిక్కంతా ఈ కట్టడంలోనే ఉంది. పొగగొట్టం గాలిని లాగుతుంది, గాలితో పాటు మంట కూడా వంగి అటే పరుగెత్తుతుంది. నోటి దగ్గర వేసిన పిప్పి నోటి దగ్గరే మండినా దాని వేడి పోయి తగిలేది పెనం నడుమా, అవతలి సగానా. చెరుకుపిప్పి కట్టె లాగా నిదానంగా కాలదు. గుప్పున అంటుకుని పొడుగాటి నాలుక చాచి, క్షణాల్లో బూడిదవుతుంది. అందుకే పెనంలో ఒక పక్క తెర్లుతుంటే ఇంకో పక్క రసం ఊరికే ఆవిరి చిమ్ముతూ కూర్చుంటుంది. గాలి సూటిగా పొయ్యి నోటికి కొట్టే రోజున ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అట్లాంటి రోజు నోటికి అడ్డంగా ఒక రేకు నిలబెట్టాల్సిందే.

ఎగుడుదిగుడు వేడి ఎప్పుడూ చెడ్డదనుకోకూడదు. రసం పెనంలో పోసిన మొదటి గంటలో అదే మేలు చేస్తుంది. పచ్చి రసంలో మట్టి, మైనం, మాంసకృత్తులు, రంగు పదార్థాలు కలిసి ఉంటాయి. కొంచెం సున్నపు తేట పోసి, కొన్నిచోట్ల బెండకాడలు దంచిన జిగురు కలిపి, నిదానంగా వేడి చేస్తే అవన్నీ గడ్డకట్టి మడ్డిగా పైకి తేలతాయి. అప్పుడు ఒక పక్కే మరుగుతూ ఉంటే ఆ ఉడుకు మడ్డిని చల్లటి పక్కకు నెట్టేస్తుంది. అక్కడ జల్లి గరిటెతో తోడుకోవడం తేలిక. పెనమంతా ఒకేసారి తెర్లిందంటే మడ్డి ముక్కలై మళ్లీ రసంలో కలిసిపోతుంది, ఇక ఎన్ని గుడ్డలతో వడకట్టినా రాదు. కాబట్టి తొలి మంట సన్నగా ఉండాలి, ఒక పక్కకే ఉండాలి. ఈ ఒక్క సంగతి చూస్తేనే మంట సర్దడమంటే ఎప్పుడూ సమంగా పరచడమే అనుకునేవాళ్ల లెక్క తప్పుతుంది.

మడ్డి తీశాక ఆట మారుతుంది. ఇప్పుడు నీళ్లు పోవాలి, అదీ త్వరగా పోవాలి. చెరుకు రసానికి కొంచెం పులుపు ఉంటుంది. ఆ పులుపులో ఎక్కువసేపు కాగితే చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి ఎక్కువైన బెల్లం చేతికి అంటుకుంటుంది, వానాకాలం నీరు కారుతుంది. సున్నం వేసేది మడ్డి కోసమే కాదు, ఈ పులుపు విరగడానికి కూడా. అది మోతాదు మించితే బెల్లం నల్లబడుతుంది, నాలుకకు ఉప్పగా తగులుతుంది. అదే మోతాదు సున్నం వేసినా ఒక పొయ్యి బెల్లం గట్టిగా, ఇంకో పొయ్యి బెల్లం జారుగా వచ్చిందంటే, రెండో పొయ్యిలో రసం కాగడానికి పట్టిన పొద్దు ఎక్కువై ఉంటుంది. ఈ నడిమి దశలో మంట వేసేవాడు ఎడమకు ఒక పిడికిలి, కుడికి ఒకటి, నడుమకు ఒకటి, మళ్లీ ఎడమకు, ఇట్లా విసనకర్ర ఆకారంలో చల్లుతూ పోతాడు. ఒకేసారి గంపెడు తోస్తే ముందు పొయ్యి ఊపిరాడక నల్లపొగ కక్కుతుంది. ఆ తరవాత అంతా ఒక్కసారి అంటుకుని రసం పెనం అంచు దాటి పొంగుతుంది. పొంగును అణచడానికి మేస్త్రీ రెండు చుక్కల నూనె వేస్తాడు గానీ ఆ నూనె తప్పును దాస్తుంది, దిద్దదు.

"ఒరే అబ్బోడా, ఎనకపక్క తెర్లతా ఉంది, ముందరపక్క ఉలుకూ పలుకూ లేదు. లోపలికి తొయ్యాకు, నోటికాడే ఎయ్యి!" పైనుంచి మేస్త్రీ వేసే ఇట్లాంటి కేకలే కింద ఉన్నవాడికి కళ్లు. బాగా పని తెలిసినవాడికి ఆ కేక కూడా అక్కర్లేదు. మరిగే చప్పుడు పలచగా ఉందా, గుబగుబమంటూ చిక్కబడిందా అనేది పెనం అడుగునుంచి అతనికి వినపడుతుంది. పొగ నల్లగా ఉంటే పిప్పి ఎక్కువైంది. పొగ దాదాపు కనపడకుండా పొగగొట్టం దగ్గర గాలి మాత్రం అల్లాడుతుంటే మంట సరిగా ఉన్నట్టు.

ఇక చివరి పావుగంట. బెల్లం బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. పలచటి రసంలో వేడి తనకు తానే తిరుగుతుంది, అడుగున కాగినది పైకి లేస్తుంది, చల్లటిది కిందికి దిగుతుంది. చిక్కటి పాకానికి ఆ కదలిక ఉండదు. ఇనుముకు అంటుకున్న పొర అక్కడే నిలబడి మాడుతుంది. గట్టి బెల్లానికి పాకం 118 డిగ్రీల చుట్టుపక్కల దించాలి, పానకం లాంటి బెల్లమైతే 105, 106 చాలు. పెనం నడుమ 118 ఉన్నప్పుడు మంట నాలుక తగిలేచోట అడుగు పొర ఇంకెంత వేడెక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు. అరచేతి వెడల్పు మాడినా చాలు, తెడ్డు తిప్పుతున్న కొద్దీ ఆ నలుపు పెనమంతా పాకుతుంది.

అందుకే పాకం ముదరకముందే పిప్పి వేయడం ఆపేస్తారు. ఎంత ముందు అనేది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు, ఎందుకంటే అది ఆ రోజుకు ఎన్నో పెనం అనేదాన్నిబట్టి మారుతుంది. పొద్దున్నే మొదటి వంటకు మట్టిగోడలు చల్లగా ఉంటాయి, వేసిన వేడిలో కొంత అవే తినేస్తాయి. మూడో వంటకు వచ్చేసరికి గోడలు ఎర్రగా కాగి ఉంటాయి, తిన్న వేడినంతా తిరిగి కక్కుతాయి. మంట ఆరిపోయాక కూడా పాకం కాగుతూనే ఉంటుంది. మూడో పెనానికి మొదటి పెనం లెక్కన పిప్పి వేసినవాడు బెల్లాన్ని మాడ్చేస్తాడు. మేస్త్రీ చన్నీళ్లలో పాకం చుక్క వేసి, అది వేళ్ల నడుమ గట్టి ఉండ కడుతుందా అని చూసే సమయానికి కింద నిప్పు కూడా తోడేసి ఉండాలి. ఆపైన పెనం దించి చెక్క తొట్టిలోకి ఒంపడం, తెడ్డుతో తిప్పడం, ముద్దలు కట్టడం అందరూ చూసేదే, అందరూ ఫొటోలు తీసేదే.

ఒక పక్క నిప్పు, ఇంకో పక్క పొగగొట్టం, నడుమ వండాల్సింది: ఈ అమరిక మనకొక్కరికే సొంతం కాదు. టెక్సాస్‌లో మాంసాన్ని గంటల తరబడి పొగపట్టించే ఇనుప పీపాలకు నిప్పుగూడు పక్కన ఉంటుంది. నిప్పుకు దగ్గరి ముక్క మాడుతుంది, దూరపుది ఉడకదు. అక్కడివాళ్లు లోపల ఇనుప పలకలు అడ్డం పెట్టి వేడిని దారి మళ్లిస్తారు, బరువైన రేకు వాడి వేడిని నిలవ చేస్తారు. డల్లస్, హ్యూస్టన్ ఇళ్ల పెరళ్లలో మనవాళ్లు కూడా ఆ పీపాలతో కుస్తీ పడుతున్నారు. మన పొయ్యిల్లోనూ పొగగొట్టానికి ముందు ఇటుకలతో చిన్న గట్టు లేపితే అదే పని చేస్తుంది. పారిపోయే మంట ఆ గట్టుకు తగిలి పైకి లేచి, పెనం అడుగును తడుముతూ పోతుంది.

చెరుకు రసం విషయంలోనే ఇంకో దారి కరీబియన్ దీవుల్లో బానిసల చెమటతో నడిచిన చక్కెర తోటల్లో పుట్టింది. ఒకే నిప్పు మీద వరసగా నాలుగైదు కొప్పెరలు, నిప్పుకు దూరంగా పెద్దది, దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నవి. దీన్ని జమైకా ట్రైన్ అన్నారు. వేడిని సమం చేయాలని వాళ్లు చూడలేదు, తేడానే వాడుకున్నారు. దూరపు కొప్పెరలో సన్నవేడికి మడ్డి తేలేది, రసం చిక్కబడేకొద్దీ గరిటెలతో నిప్పు వైపు మార్చుకుంటూ వచ్చేవాళ్లు. మరిగే రసాన్ని అట్లా చేత్తో మార్చడంలో కాలిపోయినవాళ్లకు లెక్కలేదు. లూసియానాలో పుట్టిన నార్బర్ట్ రిలియూ 1840లలో మూతవేసిన పాత్రల్లో ఒకదాని ఆవిరితో ఇంకోదాన్ని కాచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఆ వరస కొప్పెరల కాలం తీరిపోతూ వచ్చింది. నేటి చక్కెర మిల్లులన్నీ నడుస్తున్నది ఆ పద్ధతి మీదే.

లక్నోలోని భారత చెరుకు పరిశోధన సంస్థ బెల్లానికి రెండు పెనాల, మూడు పెనాల పొయ్యిలు తయారుచేసింది. పెనం అడుగున ఇనుప రెక్కలు అతికి, పోయే వేడిని పట్టుకునే పని కూడా చేసింది. మన దగ్గర అనకాపల్లి పరిశోధన కేంద్రానికి బెల్లం మీద ఏళ్ల తరబడి పని ఉంది, తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లెలో చెరుకు పరిశోధన కేంద్రం ఉంది. అయినా కలికిరి వైపు రైతు ఒంటి పెనాన్ని వదలడు. అతన్ని మొండివాడనడం సులభం. ఒక మడి చెరుకు కొట్టుకుని, కరెంటు ఇచ్చిన వేళ రసం తీసుకుని, నలుగురైదుగురు మనుషులతో పని ముగించేవాడికి మూడు పెనాలు నింపేంత రసం ఒక్కసారి ఎక్కడినుంచి వస్తుంది?

పిప్పి లెక్క మాత్రం అతనూ ఒకసారి వేసి చూసుకోవాలి. వంద కిలోల రసంలో ఇంచుమించు 80 కిలోలు నీళ్లే. కిలో నీళ్లు ఆవిరి కావడానికి 540 కిలోకేలరీలు, మరిగేదాకా కాచడానికి ఇంకో డెబ్భై వరకు. మొత్తం 50,000 అనుకుందాం. బాగా ఆరిన పిప్పి కిలోకు 3,500కు తగ్గకుండా ఇస్తుంది. అంటే పదిహేను కిలోలకు లోపే పని అయిపోవాలి. వంద కిలోల రసమిచ్చిన చెరుకునుంచి ఆరాక ముప్ఫై కిలోల దాకా పిప్పి మిగులుతుంది. సగం పిప్పి మళ్లీ మడికి ఎరువుగా పోవాల్సింది పోయి చాలా గానుగల్లో మొత్తం కాలిపోతుంది, కొన్నిచోట్ల కట్టెలు కూడా తెస్తారు. ఆ సగం వేడి పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతున్నట్టే. గాలి అందక సరిగా మండని పిప్పి వాటా అందులో పెద్దది.

ఇదంతా కష్టమని తోచినవాళ్లకు ఒక అడ్డదారి దొరికింది, హైడ్రోస్. బట్టలకు రంగు వేసేచోట వాడే సోడియం హైడ్రోసల్ఫైట్ అది. మాడిన పాకంలో చెంచాడు వేస్తే నిమిషాల్లో పసుపు రంగుకు తిరుగుతుంది, మండీలో మంచి ధర పలుకుతుంది. నాలుగు నెలలు కొట్టంలో ఉంటే ఆ రంగు నిలవదు, గంధకం వాసన మిగులుతుంది. దీనికి రైతును తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కొనేవాళ్లం మనం పచ్చటి బెల్లమే మంచిదని ఎంచుకున్నంతకాలం, మంటతో పోరాడిన ముదురు తేనె రంగు కంటే మందుతో తెల్లబరిచిన రంగుకే ఎక్కువ పలికినంతకాలం, గుంతలో కూర్చున్నవాడి పనితనానికి విలువెవరు కడతారు? అత్తిరాసాలు చేసే ఆడవాళ్లను అడిగితే ఏ బెల్లం పాకం నిలుస్తుందో, ఏది పిండిని పీల్చి కారిపోతుందో చెబుతారు. మండీ వాళ్లను అడగదు.

గానుగ కూలీ లెక్కల్లో మంట వేసేవాడి స్థానం మేస్త్రీ కంటే చాలా కింద. ఊళ్లో కుర్రాళ్లు ఆ గుంతలోకి దిగడం మానేశారు, ఆ వేడి, ఆ పొగ, ఆ బూడిద పడలేక. దాన్ని తప్పనలేను. ముందు ఆ గుంతను మనిషి కూర్చోగలిగేట్టు చేయాలి. పిప్పి నేరుగా బూడిదలో పడకుండా ఇనుప జల్లెడ, కిందినుంచి గాలి వచ్చే దారి, బూడిద తీయడానికి వేరే తలుపు, పొగగొట్టం మొదట్లో తెరిచి మూసే పలక ఒకటి, పొగ ముఖాన కొట్టకుండా నాలుగడుగులు ఎత్తు పెంచిన గొట్టం. వీటికి మూడు పెనాలు అక్కర్లేదు, పాత పొయ్యినే ఒక వేసవిలో విప్పి కట్టుకోవచ్చు. ఇటుకలు ఊళ్లోనే దొరుకుతాయి, జల్లెడ మదనపల్లెలో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.