ఇంటి ప్రయోగాలు - పుస్తకాల జవాబులు

విజ్ఞానశాస్త్రాన్ని చదివి నేర్చుకోవడం కంటె చేసి నేర్చుకోవడం మేలని ఈనాడు కాదనేవారు లేరు. పాఠశాలలో ప్రయోగశాల లేకపోయినా ఇంట్లోని గ్లాసు, గిన్నె, కొవ్వొత్తి, ఉప్పు, పసుపులతోనే ఎన్నో ప్రయోగాలు చేయవచ్చునని చెప్పే పుస్తకాలు తెలుగులో చాలా వెలువడినవి, ఇంకా వెలువడుతున్నవి. ఉపాధ్యాయులు వాటిని పిల్లలకు బహుమతులుగా ఇస్తున్నారు. ఇది సంతోషించదగినదే. ఐతే ఈ పుస్తకాలు పిల్లలచేత నిజంగా ప్రయోగాలు చేయిస్తున్నవా, లేక ముందే తెలిసిన జవాబుకు అలంకారం చేయిస్తున్నవా అన్న ప్రశ్నను మనం వేసుకొన్నట్లు కనిపించదు. నాకు ఈ సందేహం ఒక చిన్న సంఘటనవల్ల కలిగింది.

గడచిన వేసవిలో కొన్నాళ్లు నేను వేటపాలెంలో ఉన్నాను. చీరాల పక్కనే ఉన్న ఈ ఊరు నేతకు, జీడిపప్పుకు, 1918లో నెలకొన్న సారస్వత నికేతనం గ్రంథాలయానికి పేరుపొందినది. మేమున్న ఇంటి పక్కన ఒక నేతపనివారి కుటుంబం. వారి అబ్బాయి ఎనిమిదవ తరగతి. ఒకనాటి సాయంత్రం వాడు వరండాలో పళ్లెం పెట్టి, నీళ్లు పోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లించాడు. మంట సన్నగిల్లి ఆరిపోయింది. నీళ్లు గ్లాసులోకి ఎక్కినవి. పక్కనున్న పుస్తకంలో కారణం అచ్చువేసి ఉన్నది: గాలిలో అయిదవవంతు ఆమ్లజని, అది మంటకు ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీరు వచ్చింది.

వాడు రెండుమూడు సార్లు చేసి చూచి నాతో అన్నాడు: "మాస్టారూ, దీపం వెలుగుతున్నంతసేపూ నీళ్లు ఎక్కలేదండీ. ఆరినాక ఒక్కసారే ఎక్కినయ్యి. ఆమ్లజని అయిపోతా ఉంటే కొంచెం కొంచెంగా ఎక్కాలి గదండీ?"

రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్న వాళ్లమ్మ, "పుస్తకంలో అట్లా ఉంటే నీకెందుకురా, అదే రాయి" అన్నది.

నిజం చెప్పవలెనంటే, ఆమె అన్నమాటే నేను చాలాకాలంగా నా విద్యార్థులకు మరింత మర్యాదగా చెబుతూ వచ్చాను. ఎమ్మెస్సీ చదివి, కళాశాలలో పాఠం చెప్పే నేను ఆ మంట ఎప్పుడు ఆరుతున్నది, నీరు ఎప్పుడు ఎక్కుతున్నది అని ఒక్కసారైనా వరుస గమనించి ఉండలేదు.

పిల్లవాడు చూచినదే సరి. వెలుగుతున్న కొవ్వొత్తిమీద గ్లాసు దింపేటప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కొంత గాలి అంచుకిందనుండి బుడగలుగా బయటకు పోతుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకొంటుంది. బయటి గాలి ఒత్తిడివల్ల నీరు లోపలికి ఎక్కుతుంది. నీరెక్కడానికి ముఖ్యకారణం ఇదే గాని ఆమ్లజని ఖర్చుకావడం కాదు.

ఖర్చు లెక్క చూచినా ఇదే తేలుతుంది. కొవ్వొత్తి మైనం కర్బనమూ ఉదజనీ కలిసిన పదార్థం. అది మండేటప్పుడు 38 ఘనపరిమాణాల ఆమ్లజని ఖర్చయితే సుమారు 25 ఘనపరిమాణాల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దానితోపాటు పుట్టిన నీటి ఆవిరి చల్లబడి నీరవుతుంది. అనగా ఖర్చయిన ఆమ్లజని స్థానంలో మూడింట రెండువంతులను మరొక వాయువు ఆక్రమించుకొంటున్నది. గాలిలోని 21 శాతం ఆమ్లజని పూర్తిగా ఖర్చయిందనుకొన్నా తగ్గేది నూటికి ఏడుపాళ్లే. పైగా మంట అంతదాకా నిలువదు. గ్లాసులో ఇంకా సుమారు 16 శాతం ఆమ్లజని ఉండగానే ఆరిపోతుంది. ఆ లెక్కన తగ్గేది నూటికి రెండుపాళ్లకు లోపు. బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కరుగుతుందనే వాదన కూడా నిలువదు. అది కరగడానికి చాలాసేపు పడుతుంది, నీరేమో క్షణాలలో ఎక్కుతున్నది.

ఈ లెక్కలు ఎనిమిదవ తరగతి పిల్లవానికి అక్కరలేదు. వానిచేత మరి రెండు ప్రయోగాలు చేయిస్తే చాలు. అదే గ్లాసుకింద ఒక కొవ్వొత్తికి బదులు మూడు వెలిగిస్తే నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. గ్లాసు అదే, గాలి అంతే, ఆమ్లజనీ అంతే. ఎక్కువైనది వేడి మాత్రమే. రెండవది, అసలు కొవ్వొత్తే లేకుండా గ్లాసును వేడినీళ్లతో తొలిచి వెంటనే పళ్లెంలోని నీళ్లలో బోర్లించి ఉంచితే, కాసేపటికి నీరు మెల్లగా లోపలికి వస్తుంది. మేము రెండూ చేశాము. వానికి నేను కారణం చెప్పే అవసరమే రాలేదు.

కొవ్వొత్తి ప్రయోగానికి పుస్తకంలో ఇచ్చిన వివరణ తప్పు కావడం చిన్న సంగతి. తప్పులు ఏ పుస్తకంలోనైనా దొర్లుతవి, దిద్దుకోవచ్చు. నా ఆక్షేపణ ఆ పుస్తకాల అచ్చుమీద. కావలసిన వస్తువులు, చేయవలసిన విధానం, ఫలితం, కారణం - ఈ నాలుగూ ఒకే పుటలో వరుసగా ఉంటవి. ఫలితం చదివిన తరువాత చేసేది ప్రయోగం కాదు, తతంగం. నీళ్లు పుస్తకంలో చెప్పినట్లు ఎక్కకపోతే పిల్లవాడు తనను అనుమానించుకొంటాడు. ఎక్కితే ఇక చూడడం మానేస్తాడు. వీడు మానకపోవడం పుస్తకం గొప్పతనం కాదు.

ఈ పుస్తకాలకు మూలం మంచిదే. రెండవ ప్రపంచయుద్ధంలో పాడైపోయిన దేశాల ఉపాధ్యాయులకోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. దానినే పెంచి 1956లో విజ్ఞానబోధకు ఒక ఆకరగ్రంథంగా ప్రచురించింది. పరికరాలు లేని బడులలో దొరికే వస్తువులతోనే పరికరాలు తయారు చేసుకొనే విధానాన్ని అది నేర్పింది. మన ఇంటి ప్రయోగాల పుస్తకాలు చాలావరకు దాని సంతతి. ఐతే అది ఉపాధ్యాయునికి చెప్పినదానిని మనవారు పిల్లవానికి చెబుతున్నారు. ఉపాధ్యాయునికి ఫలితం ముందే తెలియడం అవసరం. పిల్లవానికి తెలియకపోవడం అంతకంటె అవసరం.

అట్లా కాకుండా వ్రాయవచ్చునని మనదేశంలోనే ఋజువైంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలలో ప్రారంభమైన విజ్ఞానబోధన కార్యక్రమం ముప్పయి సంవత్సరాలపాటు నడిచింది. దానికోసం వ్రాసిన 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకాలలో ప్రయోగాలు ఉన్నవి, ప్రశ్నలు ఉన్నవి, జవాబులు లేవు. జవాబు పిల్లల పట్టికలలోనుంచి, తరగతి చర్చలోనుంచి రావలసిందే. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు. తెచ్చుకొంటే మాత్రం అందులో ఏమున్నది? 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఇంజనీరైన అరవింద్ గుప్తా 1978లో కొంతకాలం ఆ కార్యక్రమంలో పనిచేసి, అటుపిమ్మట అగ్గిపుల్లలతో, సైకిలు వాల్వ్‌ట్యూబు ముక్కలతో ఆటవస్తువులు చేయించే పుస్తకాలు వ్రాశారు. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నవి. ఆయన బొమ్మలలో నాకు నచ్చిన గుణం ఒకటున్నది: తప్పుగా చేస్తే బొమ్మ ఆడదు. తీర్పు చెప్పేది వెనుక పుట కాదు, వస్తువే.

మన పుస్తకాలలో మరొక లోపం, అవి ఏ ఊరివీ కావు. వేటపాలెం పిల్లవానికి ఉప్పు నీళ్లలో కలిపి మళ్లీ ఆవిరి చేసి ఉప్పు తీయమని చెప్పడంలో అర్థం లేదు. చెంచాతో వేసినదే తిరిగివస్తుందని వానికి తెలుసు. సముద్రం దగ్గరలోనే ఉన్నది. ఒక లీటరు నీరు తెచ్చి పూర్తిగా ఎండబెడితే సుమారు 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది. నాలుకమీద పెడితే చేదు తగులుతుంది, వర్షపుగాలికి చెమ్మగిల్లుతుంది. చినగంజాం ఉప్పుమళ్లలో నీటిని పూర్తిగా ఇగరనివ్వకుండా చివరి నీటిని ఎందుకు వదిలివేస్తారో అప్పుడు అడుగుతాడు. అట్లాగే ఆ తల్లి తిప్పే రాట్నం. చక్రం ఒకసారి తిరిగితే కదురు ఎన్నిసార్లు తిరుగుతుందో రెండింటి చుట్టుకొలతలు కొలిచి ముందుగా లెక్కకట్టవచ్చు. తరువాత కదురుకు ఒక రంగుదారం ముడివేసి, మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టవచ్చు. రెండు అంకెలూ సరిగ్గా కలియకపోతే, త్రాడు ఎక్కడ జారుతున్నదో వెతకాలి. ఈ ప్రయోగం ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

ఊరు ఎరుగని పుస్తకంవల్ల ప్రమాదమూ ఉన్నది. గింజను కాల్చి ఆ వేడితో నీరు కాచే ప్రయోగం చాలా పుస్తకాలలో కనబడుతుంది. జీడిపిక్కలు ఇంటింటా ఉండే ఊళ్లో పిల్లవాడు పిక్కను పెంకుతోనే కాల్చబోతాడు. ఆ పెంకులోని నూనె చేతులను బొబ్బలెక్కిస్తుంది, దాని పొగా మంచిది కాదు. ఒలిచిన పప్పునే వాడాలని వ్రాయడానికి ఒక్క వాక్యం చాలు.

గాలిలో అయిదవవంతు సంగతి పిల్లవానికి తెలియవద్దా అని ఉపాధ్యాయులు అడగవచ్చు. తెలియాలి, దానికి తగిన ప్రయోగమూ ఉన్నది. లేతు పనిచేసేచోట ఇనుపరజను దొరుకుతుంది. (వంటింటి స్టీలు పీచు పనికిరాదు, అది తుప్పు పట్టని రకం.) గ్లాసు లోపల ఉప్పునీటితో తడిపి రజను చల్లితే అంటుకొంటుంది. ఆ గ్లాసును నీళ్ల పళ్లెంలో బోర్లించి వదలివేయాలి. ఇనుము తుప్పుపట్టేటప్పుడు ఆమ్లజనిని ఘనపదార్థంగా మార్చుకొంటుంది. దాని బదులు మరొక వాయువు పుట్టదు. మంట లేదు గనుక వేడి గొడవా లేదు.

మావాడు గ్లాసు బయట కాగితపు పట్టీ అంటించి అయిదు సమభాగాలు గీశాడు. రోజూ ఉదయం ఒకే వేళకు చూచి గుర్తుపెట్టాడు. నీరు రోజురోజుకూ కొంచెం కొంచెంగా ఎక్కి, నాలుగవరోజుకు మొదటి గీత దరిదాపులకు వచ్చింది. అయిదు, ఆరు రోజులకు కూడా అక్కడే ఉన్నది.

"రజను ఇంకా నల్లగానే ఉంది గదండీ మాస్టారూ, తుప్పు పట్టందే ఎక్కువ. మరి నీళ్లు ఎందుకాగినయ్యి?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. గ్లాసు నోటిని నీళ్లలోనే ఒక గాజుబిళ్లతో మూసి, నిలువుగా తిప్పి పెట్టమన్నాను. బిళ్ల కొంచెం పక్కకు జరిపి, మండుతున్న అగ్గిపుల్లను లోపలికి దించాడు. ఆరిపోయింది. మరొకటి గీసి దించాడు.