పడవ గోడకు గుండ్రని కోత

పాత 6.5 అంగుళాల స్పీకర్ తీసి ఆ చోట 7.7 అంగుళాలది బిగించాలంటే పడవ గోడను కోయక తప్పదు. తేడా అంగుళం పైచిలుకే అయినా వైశాల్యం లెక్కన దాదాపు 40 శాతం ఎక్కువ. పైన ఆకాశం, వెనక ఇంజిన్ హోరు, బేస్‌ను పట్టి ఉంచడానికి గదిలోలా చుట్టూ గోడల్లేవు. అక్కడ ఆ 40 శాతం చెవికి తెలుస్తుంది. ఫ్లోరిడాలో 1975లో పుట్టిన జేఎల్ ఆడియో 7.7తో ఆగక 8.8 అంగుళాల దాకా వెళ్లింది. ఆ స్పీకర్ ఒక్కసారి విన్నవాళ్లు పాత సైజు వైపు తిరిగి చూడరు.

 

అసలు చిక్కు పాత రంధ్రంతోనే. గుండ్రంగా కోసే హోల్ సా నడవాలంటే మధ్యలో పైలట్ డ్రిల్‌కు పట్టు కావాలి. ఇక్కడ మధ్యలో ఉన్నది గాలే. పనిమంతుడు పాత రంధ్రానికి సరిపోయే ప్లైవుడ్ బిళ్ల కోసి, వెనక నుంచి కదలకుండా బిగించి, దాని మీద కొత్త కేంద్రం గుర్తిస్తాడు. చుట్టూ మాస్కింగ్ టేప్ అంటిస్తాడు. హోల్ సాను మొదట వెనక్కి తిప్పుతాడు. అప్పుడు పళ్లు కొరకవు, అరగదీస్తాయి. పైనున్న నున్నటి జెల్‌కోట్ పెచ్చులూడదు. ఆ పొర తెగాకే ముందుకు తిప్పుతాడు. జిగ్‌సా అయితే కిందికి కోసే పళ్ల బ్లేడు వాడాలి, మామూలు బ్లేడు పైకి లాగుతూ అంచును చీల్చేస్తుంది. వీటన్నిటినీ మించింది రూటర్: ప్లైవుడ్ మూసను బిగించి దాని అంచు వెంట బేరింగ్ బిట్‌ను నడిపిస్తే, వేలితో తడిమినా ఎగుడుదిగుడు దొరకదు. మూసకు కొట్టిన స్క్రూ రంధ్రాలు కూడా కొత్త స్పీకర్ అంచు కిందికి వచ్చేలా ముందే లెక్క వేసుకుంటారు. ఎంత ముందుచూపు!

కోత నున్నగా ఉండటం అందానికే కాదు. అంచు దగ్గర సందు ఉంటే స్పీకర్ ముందు వచ్చే ధ్వనీ వెనక వచ్చేదీ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ముందు పోయేది బేసే.

పనివాడి నిజాయతీ తెలిసేది మాత్రం కోత అయ్యాకే. చాలా పడవల్లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. కోసిన అంచును అలాగే వదిలేస్తే నీరు అందులోకి ఇంకుతుంది, చెక్క కుళ్లుతుంది, పొరలు విడిపోతాయి. అందుకే మంచి పనివాడు అంచు లోపలి బాల్సాను అర అంగుళం మేర తోడేసి, చిక్కటి ఎపాక్సీతో నింపుతాడు. మిషిగన్‌లోని బే సిటీలో గౌజన్ సోదరులు 1970లో చెక్క, ఎపాక్సీలతో అడాజియో అనే 35 అడుగుల ట్రైమారన్ కట్టారు. వాళ్ల వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీ వాడని పడవల షెడ్డు అమెరికాలో అరుదు. ఆ డబ్బా ఉండాల్సిన చోట సిలికాన్ గొట్టం కనిపిస్తే ఆ పనిని నమ్మనక్కర్లేదు.

ఇప్పుడు అన్యాయం జరుగుతున్నదీ ఆ నమ్మకానికే. కార్ల కోసం చేసిన స్పీకర్‌కు తెల్ల రంగు పూసి ‘మెరైన్’ అని అచ్చేస్తున్నారు. ఉప్పు పొగమంచులో పెట్టి చూసే ఏఎస్‌టీఎమ్ బీ117 పరీక్ష ఊసే ఉండదు. రంధ్రం పెంచే ఓపిక లేక ప్లాస్టిక్ అడాప్టర్ రింగు తొడుగుతున్నారు. అది అలల కుదుపుకు గలగలలాడుతుంది. మరికొందరు జిగ్‌సాతో నాలుగు నిమిషాల్లో చింపి, పచ్చి బాల్సా మీదే స్క్రూలు కొట్టి, పైన జాలీ మూసి డబ్బు తీసుకుంటున్నారు. జాలీ కింద జరిగిన ద్రోహం యజమానికి కనబడేసరికి డెక్ మెత్తబడి ఉంటుంది. స్పీకర్ అయస్కాంతం పక్కనున్న దిక్సూచిని పక్కకు లాగుతుందని కూడా చూసుకోనివాళ్లు చేసే పని ఇది!

పడవ ఉన్నవాళ్లు గట్టిగా అడగాలి. స్పీకర్ బిగించే ముందు అంచు చూపించమనాలి, ఎపాక్సీ ఆరేదాకా ఒక రోజు ఆగుతామనాలి, దానికి అడిగిన కూలి ఇవ్వాలి.