రంగుల్లేని మంద

17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు పశువులకు పెద్దపీట వేశారు. పాలస్ పోటర్ 1647లో ఒక గిత్తను మూడు మీటర్లకు పైగా వెడల్పున్న నూనెరంగుల చిత్రంలో నిలబెట్టాడు. అది హేగ్‌లోని మారిట్స్‌హౌస్‌లో ఉంది. అయితే ఆ కాలపు పనితనం తెలియాలంటే చిన్న చిన్న సిరా బొమ్మలు చూడాలి. వాటిలో వాగు దాటే మందలు, పాలు పితికే ఆడవాళ్లు, కర్రకు ఆనుకుని నిలబడ్డ కాపరులు కనిపిస్తారు.

అప్పటి కలం కోసుగా చెక్కిన పెద్దబాతు ఈక. మాచికాయల కషాయంలో అన్నభేది, తుమ్మబంక కలిపితే సిరా తయారయ్యేది. గీసేటప్పుడు పాలిపోయినట్టుండే ఆ సిరా గాలి తగిలాక నల్లబడుతుంది, కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. అందులోని ఆమ్లం కాగితాన్ని తినేస్తుంది కూడా. కొందరు కట్టెమసిని నీళ్లలో మరిగించి తీసిన సిరా వాడారు.

ముందు నల్లసుద్దతో లేతగా రూపు గుర్తు పెట్టుకుని ఆ తర్వాత కలం పట్టేవారు. ఈకను నొక్కితే గీత లావవుతుంది, తేలిస్తే వెంట్రుకవాసి అవుతుంది. పొట్టకింద, గిట్టల దగ్గర నొక్కుతారు. ఎండపడే వెన్నుమీద గీతను తెంపేస్తారు, ఆ ఖాళీని కన్నే పూరించుకుంటుంది. అక్కడి ఆవులకు మూపురం ఉండదు కనుక బరువంతా తుంటి ఎముకల్లో, పొట్ట వాలులో, గంగడోలు ముడతల్లో చూపాలి. నీడకోసం వేసే సన్నగీతలు పొట్ట గుండ్రదనం వెంట వంగాలి. నిటారుగా వేస్తే ఆవు అట్టముక్కలా తేలిపోతుంది. చివరికి నీళ్లు కలిపిన సిరాతో కుంచె నడిపిస్తారు. ఎండకు వేరే రంగు లేదు, వదిలేసిన తెల్లకాగితమే ఎండ.

ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన అడ్రియాన్ వాన్ డె వెల్డె (1636–1672) ముందు కలంతో మొత్తం కూర్పు వేసుకునేవాడు. తర్వాత పశువునీ మనిషినీ ఎదురుగా చూస్తూ సుద్దతో విడివిడిగా గీసుకునేవాడు. నూనెరంగులు ఆఖరున. రూయిస్‌డాల్, హొబ్బెమా వంటి దిట్టలు కూడా తమ ప్రకృతి చిత్రాల్లో కొన్నింటికి మనుషుల్నీ పశువుల్నీ ఇతనిచేతే వేయించుకున్నారు. హార్లెం వాడైన నికొలాస్ బెర్కెమ్ (1620–1683) సిరా బొమ్మను చిత్తుప్రతి స్థాయిలో వదలకుండా పూర్తిచేసి సంతకం పెట్టేవాడు. అతని చిత్రాలను రాగిరేకులపై చెక్కి అచ్చువేశారు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో వాటికి ఎంతో గిరాకీ ఉండేది.

నూనెరంగులో తప్పును మరో పూత కప్పేస్తుంది. సిరాకు ఆ వెసులుబాటు లేదు. చిత్రకారుడికి పశువు ఎంత తెలుసో అంతే కాగితం మీద ఉంటుంది. ఈ బొమ్మల విలువ అక్కడే ఉంది.

వెలుతురుకు పాడవుతాయని మ్యూజియాలు వీటిని ఎక్కువకాలం గోడకు తగిలించవు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం మాత్రం తన సేకరణలో చాలా బొమ్మలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. బొమ్మలు నేర్చుకునే పిల్లలు వాటిని పెద్దవి చేసి చూడాలి. ఆ తర్వాత రబ్బరు పక్కనపెట్టి, ఊళ్లో కట్టేసిన గేదె ఎదుట కూర్చుని పెన్నుతో గీయాలి.