గడ్డికప్పు కింది వైభోగం

బాలి ద్వీపంలోని సానూర్ తీరాన 1966లో పదంతస్తుల బాలి బీచ్ హోటల్ లేచింది. అప్పటిదాకా ఆ తీరంలో కొబ్బరిచెట్లే అన్నిటికన్నా ఎత్తు. ఆ కాంక్రీటు దిమ్మె వచ్చి నిలిచాక ద్వీపంలో ఒక నియమం పుట్టింది: ఇకపై ఏ కట్టడమూ కొబ్బరిచెట్టును మించకూడదు. లెక్కకు 15 మీటర్లు. అక్కడ విల్లా కట్టబోయేవారు దీన్ని అడ్డంకి అనుకుంటారు గానీ, నా దృష్టిలో అది వరం. చెట్టుకన్నా పొట్టిగా ఉన్న ఇంటి మీదే చెట్టు నీడ పడుతుంది. ఉష్ణమండలంలో అంతకన్నా చవకైన చల్లదనం మరొకటి లేదు.

పర్యావరణహిత విల్లా అనగానే ఇప్పుడు సోలార్ పలకలు, గాజు సీసాల్లో నీళ్లు, వెదురు టూత్‌బ్రష్‌లు గుర్తొస్తున్నాయి. అవీ ఉండాల్సిందే. కానీ ఇల్లు ఏ దిక్కుకు తిరిగింది, కప్పు ఎంత వాలుగా ఉంది, గది ఎంత లోతుంది అన్నవాటిలో తప్పు జరిగితే ఆ తర్వాత ఏం అమర్చినా ఏసీ బిల్లు తగ్గదు. బాలిలో సంప్రదాయ గృహశిల్పిని ఉండగి అంటారు. ఉండగి మొట్టమొదట తేల్చేది సరిగ్గా ఈ సంగతులే.

ఉండగికి ఆధారం అష్ట కోసల కోసలి అనే తాళపత్ర శాస్త్రం. కొలతలు ఇంటి యజమాని ఒంటి నుంచే తీస్తారు: బార, మూర, పిడికిలి. అందుకే ఏ ఇంటి కొలత ఆ ఇంటిదే. దిక్కులకు ప్రమాణం ఉత్తరం, దక్షిణం కావు. అగుంగ్ పర్వతం వైపు ఉన్నది కజ, సముద్రం వైపు ఉన్నది కెలోద్. ద్వీపానికి దక్షిణాన ఉన్నవారికి కజ ఉత్తరమైతే, ఉత్తరాన ఉన్నవారికి అదే దక్షిణం. కొండవైపు తూర్పు మూల దేవతలది; వంటిల్లు సముద్రం వైపు. నడుమ నతహ్ అనే ఖాళీ ముంగిలి. దాని చుట్టూ బలే అనే చిన్న చిన్న మండపాలు: పడకకు ఒకటి, శుభకార్యాలకు ఒకటి, ధాన్యానికి ఒకటి. ప్రహరీ ద్వారం దాటగానే ఎదురుగా ఒక అడ్డుగోడ. దుష్టశక్తులు తిన్నగా లోపలికి రాకుండా దాన్ని కట్టామని ఊరివాళ్లు చెబుతారు. వీధి చూపు లోపలికి పడకుండా కూడా అది చక్కగా ఆపుతుంది.

గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవారికి ఈ ముంగిలి పరాయిదనిపించదు. అయితే తేడా ఒకటుంది. మండువాలో నాలుగు వసారాలూ ఒకే కప్పు కింద కలిసిపోతాయి. బాలిలో ప్రతి గదికీ దాని కప్పు దానిదే, నాలుగు వైపులా దాని గాలి దానిదే. ద్వీపం భూమధ్యరేఖకు సుమారు 8 డిగ్రీల దక్షిణాన ఉంది. గాలి నిండా తేమ. అలాంటి చోట గోడలు ఎంత మందంగా కట్టినా ఒళ్లు చల్లబడదు, ఒంటిని తాకుతూ గాలి కదలాలి. గది లోతు ఒక వరసకు మించకపోతే ఒకవైపు దూరిన గాలి రెండోవైపు నుంచి వెళ్లిపోతుంది. విల్లా గీసేవారు ఆ ముంగిలినీ విడివిడి మండపాలనూ యథాతథంగా తీసుకోవచ్చు. పడకగది నుంచి భోజనానికి వెళ్లాలంటే నాలుగడుగులు తోటలో నడవాలి. వాన పడితే గొడుగు కావాలి. అది అసౌకర్యమనే అతిథికి ఈ ద్వీపం దాకా రావాల్సిన అవసరమేమిటో నాకు అర్థం కాదు.

అసలు పని కప్పుది. సూర్యుడు దాదాపు నడినెత్తిన నడిచే చోట ఎండ దెబ్బ ముందు కప్పుకే తగులుతుంది. బాలివాళ్లు కప్పడానికి వాడేది అలంగ్-అలంగ్, మన దర్భ జాతి గడ్డి. దాన్ని మడిచి సన్నని బద్దలకు వరసగా కుడతారు. ఆ వరసలను వాసాల మీద ఒకదాన్నొకటి కప్పేలా దగ్గర దగ్గరగా పేర్చి కడతారు. వాలు నిటారుగా ఉండాలి. అప్పుడు వాననీరు గడ్డిలో ఇంకకముందే పుల్లల వెంట జారిపోతుంది. వాలు బద్ధకంగా ఉంటే నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది. గడ్డి దట్టంలో చిక్కుకున్న గాలి వేడిని కిందికి దిగనివ్వదు. గదిలో పుట్టిన వేడి పైకెక్కి కొప్పు దగ్గర బయటికి పోతుంది. చూరు బాగా కిందికి దించితే ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండ గదిలోకి రాదు. రేకు మీద వాన పడుతుంటే మాటలు వినిపించవు. గడ్డి మీద పడితే వాన ఉందని తెలుస్తుంది, అంతే. విలాసం అంటే నాకు ఇదే. గడ్డికి నిప్పు భయం ఉన్నమాట నిజం. అందుకే బాలి ఇంట్లో వంటిల్లు విడిగా, పెంకుల కింద ఉంటే మేలు.

స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలుస్తాయి, నేలలో పాతరు. దూలానికి బెజ్జం తొలిచి, కుసి దూర్చి, చెక్క చీలతో బిగిస్తారు. మేకులు వాడరు. భూమి కంపించినప్పుడు ఆ అతుకులు కాస్త కదిలి, ఊగి, మళ్లీ కుదురుకుంటాయి. అగ్నిపర్వతాల మధ్య బతికే జనానికి ఇది ప్రాణానికి సంబంధించిన విద్య. ఇంకో నియమం నాకు మరీ ఇష్టం: చెట్టు ఎలా పెరిగిందో స్తంభాన్నీ అలాగే నిలపాలి. మొదలు కిందికి, కొన పైకి. కట్టడం పూర్తయ్యాక మెలస్పస్ అనే పూజ చేసి ఆ ఇంటికి ప్రాణం పోస్తారు.

ఈ విద్యను ఖరీదైన హోటళ్లలోకి తెచ్చినవారిలో ఆస్ట్రేలియా వాస్తుశిల్పి పీటర్ ముల్లర్ ముఖ్యుడు. 1989లో ఉబుద్ దగ్గర, ఆయుంగ్ నది లోయ అంచున ఆయన రూపొందించిన అమందారి తెరుచుకుంది. రాళ్లు పరిచిన సందులు, గోడల వెనక మండపాలు, గడ్డికప్పులతో అది ఒక బాలి ఊరిలా ఉంటుంది. ఊరి నమూనాను అలంకారంగా కాక అమరికగా తీసుకోవడం ఆయన గొప్పతనం.

ఆ తర్వాత వెదురు వంతు వచ్చింది. బాలిలో బొంగు ఎప్పటినుంచో ఉంది. కానీ పుచ్చు పడుతుందని పందిళ్లకూ పాకలకూ మాత్రమే వాడేవారు. బొంగులో ఉండే పిండిపదార్థం కోసమే పురుగు చేరుతుంది. ఐర్లండ్‌లో పుట్టి బాలిలో స్థిరపడిన డిజైనర్ లిండా గార్లండ్ 1990లలో దీనికి తేలిక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. బొంగును నిలబెట్టి, అడుగు కణుపు ఒక్కటి వదిలి మిగతా కణుపులను లోపలినుంచి పొడిచి, వెలిగారం లవణాలు కలిపిన నీటితో నింపి ఉంచాలి. ఆ లవణం గోడలోకి ఇంకుతుంది, పురుగుకు ఆ పిండి పనికిరాకుండా పోతుంది. దీనితో బొంగు ఏళ్ల తరబడి నిలిచే సామగ్రి అయింది. ఎండా వానా నేరుగా తగలకుండా పెద్ద చూరు మాత్రం ఉండి తీరాలి.

2008లో జాన్, సింథియా హార్డీ దంపతులు సిబాంగ్ కజ ఊళ్లో వెదురుతో గ్రీన్ స్కూల్ తెరిచారు. వారి కూతురు ఎలోరా హార్డీ 2010లో ఇబుకు అనే సంస్థ పెట్టి, అదే ఆయుంగ్ నది ఒడ్డున వెదురు ఇళ్లు కట్టించారు. వాటిలో శర్మ స్ప్రింగ్స్ అనే ఇల్లు ఆరు అంతస్తులది. ఏ రెండు బొంగులూ ఒకే లావు, ఒకే వంపు ఉండవు కనుక కాగితం మీది గీతలతో పని సాగదు. ముందు సన్నని వెదురు పుల్లలతో చిన్న నమూనా కడతారు. పనివాళ్లు దాన్ని కొలిచి, ఆ వంపుకు సరిపడే బొంగులను ఏరుకుంటారు. మూడు, నాలుగేళ్లలో ముదిరి కోతకు వచ్చే ఈ బొంగు, ఆ పొదలోంచే మళ్లీ పుడుతుంది. టేకు చెట్టు అంత త్వరగా ముదరదు.

మన దగ్గర మేదరుల చేతుల్లో ఎంత నైపుణ్యం ఉన్నా, బొంగు చాలాకాలం చట్టం దృష్టిలో చెట్టు. అడవి బయట పెంచుకున్న వెదురును ఆ నిర్వచనం నుంచి తప్పించింది అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణే. అరకులోనో కోనసీమలోనో విడిది కట్టేవారు గాజు పెట్టెలు మాని ఈ దారి పట్టడానికి ఇప్పుడు ఆ అడ్డు లేదు.

కప్పు, బొంగు ఎంత బాగున్నా నీటి లెక్క తప్పితే అంతా వృథా. బాలి వరిచేలకు సుబక్ అనే నీటి సంఘాలున్నాయి. రైతులు కాలువలను, నీటి గుళ్లను కలిసి నిర్వహించి వంతులు పంచుకుంటారు. 2012లో యునెస్కో ఈ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక మడి నుంచి వదిలిన నీరే కింది మడికి ఆధారం. మధ్యలో ఒక్క విల్లా కాలువను పూడిస్తే దిగువ చేలన్నీ ఎండుతాయి. వరిచేను అందం కోసం స్థలం కొని ఆ చేనునే పూడ్చి కట్టిన విల్లా కప్పు మీద ఎంత గడ్డి ఉన్నా, దాన్ని పర్యావరణహితం అని నేను అనలేను. ఇల్లు మెట్ట మీద కట్టాలి. చేను చేనుగానే ఉండాలి, దాన్ని దున్నే రైతుకు ఆదాయం అందాలి.

పెంకుల కప్పు మీది వాననీటిని తొట్టెలో పట్టి స్నానాలకు వాడుకోవచ్చు. వాడిన నీటిని కంకర మడిలోకి వదిలి మెట్టతామరలు నాటితే, వాటి వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు మురికిని తింటాయి. విల్లాకో క్లోరిన్ కొలను కన్నా, ఉబుద్ దగ్గరి బంబు ఇందా హోటల్లో ఉన్నట్టు మొక్కలు శుభ్రం చేసే సహజమైన కొలను మేలు.

విదేశీయులకు బాలిలో భూమి మీద పూర్తి యాజమాన్యం దొరకదు. ఎక్కువ విల్లాలు పాతిక, ముప్పై ఏళ్ల కౌలు మీదే నడుస్తాయి. కనుక గడువు తీరాక నేల మీద ఏం మిగులుతుందన్నది మొదటి గీత గీసేటప్పుడే తేల్చుకోవాలి. జావాలోని పాత టేకు ఇళ్లను చీలలు ఊడదీసి, తెచ్చి, బంబు ఇందాలో మళ్లీ నిలబెట్టారు. రాతి దిమ్మెల మీద నిలిచిన ఇల్లు అలాగే మరో చోటికి కదులుతుంది. దాని పాత గడ్డి ఎరువు అవుతుంది, దిమ్మెలు గట్టుకు పనికొస్తాయి. కాంక్రీటు కొలనును పగలగొట్టి ఎత్తిపోసే ఖర్చు మాత్రం కౌలు ముగిసిన రోజున నేల సొంతదారైన రైతు మీదే పడుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది కౌలు కాగితంలోనే రాయించుకోవాలి.