ఓడలో ఎవరు ఉన్నారు? '2012' చిత్రమును మరల మరల చూచుటపై ఒక పరిశీలన

రోలాండ్ ఎమ్మెరిక్ దర్శకత్వములో 2009లో వచ్చిన '2012' అను ఇంగ్లీషు చిత్రము లోకనాశనమును గూర్చినది. మాయా జాతి క్యాలెండరులో ఒక గొప్ప కాలచక్రము ముగియునని చెప్పబడిన 2012 డిసెంబరు 21 ఏ ఆపదా లేకుండా గడచిపోయినది. తేదీ పెట్టి చేసిన ప్రసంగములు ఆ తేదీతోనే మరుగుపడినవి గాని చిత్రము మరుగుపడలేదు. కళింగపట్నం తీరమున మన యువకులు తెలుగు మాటలతో దానిని ఎన్నిసార్లు చూచిరో లెక్క లేదు. ఏ కట్టడము ఎప్పుడు కూలునో ముందుగానే చెప్పగలరు. అయినను చూచుచునే ఉన్నారు.

భయములోని సరదాయే దీనికి కారణమని కొందరందురు. మేము అంగీకరింపలేము. ఈ తీరమున భయమునకు కొదువ లేదు. తుఫాను వార్తలలో కళింగపట్నం ఓడరేవు పేరు, దాని ప్రక్కన ప్రమాద హెచ్చరిక నంబరు వినుచు పెరిగినవారము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస యొద్ద తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నమునకు కొద్ది దూరములోనే తీరము దాటినది. అట్టి రాత్రి ఎవరు మిగులుదురో ఎవరికిని తెలియదు. చిత్రములోనైతే తెలియును. రెండవసారి చూచువాడు తనకు తెలియకుండగనే బ్రతుకువారి ప్రక్కన కూర్చుండును. మరల చూచుటలోని సుఖము ఇదేనని మా అభిప్రాయము.

అయితే ఆ ఓడ ఎవరిది? చిత్రములో ఒక్కొక్క మనిషికి టిక్కెట్టు వంద కోట్ల యూరోలు. భూగర్భము వేడెక్కుచున్న సంగతి బయటపెట్టినవాడు మన దేశములోని రాగి గనిలో పనిచేయు శాస్త్రజ్ఞుడు సత్నామ్. అతని కుటుంబమును తీసికొనిపోవలసిన విమానము రానే రాదు. అమెరికా స్నేహితుడు హెల్మ్‌స్లీకి ఫోనులో ఆ మాట చెప్పి, భార్యాబిడ్డలతో కెరటము పాలగును. దర్శకుడు దీనికి కొద్ది నిమిషములే ఇచ్చి, కారు పరుగులకు, విమానపు గంతులకు ధారాళముగా సమయమిచ్చెను. మన యువకులు ఈ భాగమును ముందుకు జరిపివేయుట మేము గమనించితిమి. విచారకరమైనదని కాబోలు. కాని ఆ చిత్రమంతటిలో కళింగపట్నమునకు దగ్గరి మనిషి అతడొక్కడే.

సిస్టీన్ ప్రార్థనాలయపు పైకప్పు చిత్రములో దేవుని వ్రేలికిని ఆదాము వ్రేలికిని మధ్య పగులు పారునట్లు చూపుట మన బోధకులలో అనేకులకు అభ్యంతరము. మాకు అది చవకబారు చమత్కారముగా మాత్రమే తోచినది. అసలు అభ్యంతరము తలుపు దగ్గర ఉన్నది. ఆదికాండము 7:16లో ఓడ తలుపు మూసినవాడు యెహోవా. ఆ నిర్ణయము నోవహుకు ఇయ్యబడలేదు. చిత్రములో తలుపు అధికారుల చేతిలో ఉన్నది. గట్టుపై నిలిచినవారిని లోనికి రానియ్యవలెనని హెల్మ్‌స్లీ వాదించగా తలుపులు తెరువబడును, ప్రేక్షకుని మనస్సు తేలికపడును. అయితే ఆ గట్టుపైనున్నవారిలో అనేకులు పాడైన మరియొక ఓడకు టిక్కెట్టు కొన్నవారే. సత్నామ్ అక్కడికి చేరనే లేదు. ఇంత చౌకగా దొరకిన కనికరమును మనము కనికరమని పిలువవచ్చునా?

ఈ ప్రశ్న మన ప్రసంగ పీఠమునకును తగులును. తుఫాను తరువాతి ఆదివారము నోవహును గూర్చి బోధించుట మనలో అనేకులకు అలవాటు. ఆ ప్రసంగములలో బోధకుడు ఎల్లప్పుడును ఓడలోనే ఉండును. వల పోయినవాడు, ఇంటికప్పు ఎగిరిపోయినవాడు, పడవతో తిరిగిరానివాని భార్య వెలుపల నిలిచి వినుదురు. లూకా 13:4లో సిలోయము గోపురము క్రింద చనిపోయిన పదునెనిమిదిమంది ఇతరులకంటె ఎక్కువ దోషులు కారని ప్రభువు తేటగా చెప్పెను. మారుమనస్సును గూర్చిన హెచ్చరికను ఆయన బ్రతికియున్న శ్రోతలకే ఇచ్చెను.

ఈ చిత్రమును చూడవద్దని ఆంక్ష పెట్టుట వ్యర్థము. ఫోను వారి చేతిలోనే ఉన్నది. యవ్వనస్థుల కూడికలో దీనిని గూర్చి మాటలాడదలచిన కాపరులు సత్నామ్ ఫోను మాటలాడు భాగమును జరిపివేయక చూపించి, లూకా 13:1-5 చదివించి, తుఫానులో నష్టపోయిన వారిని మొదట మాటలాడనియ్యవలెను. బోధకుని వంతు ఆ తరువాతనే.